ఇటు పది చుట్లు

రుషికొండ దగ్గర టీ తాగి బయల్దేరతానమ్మా అన్నాడు ఫోనులో గురునాథరావు. పాత ఇనుము కొనేవాళ్ళ టీ సంగతి నాకు తెలుసు, గ్లాసు ఖాళీ అయ్యేలోపు ఇంకో రెండు బేరాలు తెములుతాయి, ఎంత తొందరపడ్డా ఆయన వ్యాను భీమిలి చేరడానికి గంట పడుతుంది. ఆ గంటే నాకు కావాలి. వ్యాను వచ్చిందంటే పాకలోని జీపు పోతుంది, జీపుతో పాటు ఈ గోనెసంచి మీద పడున్న డబ్బా కూడా పోతుంది, కరిగి ఏ కటకటాల చువ్వలో అవుతుంది. ఆ తర్వాత మా దొరబాబు బావ దొంగో కాదో చెప్పగలిగింది ఈ భూమ్మీద ఏదీ మిగలదు. పొద్దున మోహన్ దీన్ని జీపు కింద నుంచి విప్పి, చేతులు కిరోసిన్‌తో కడుక్కుని, పోర్టుకి డ్యూటీకి వెళ్ళిపోయాడు. ఎందుకు విప్పమన్నావని అడగలేదు. మా ఆయన సుగుణాల్లో అదొకటి, ఒళ్ళు మండినప్పుడు దుర్గుణాల్లో కూడా అదే మొదటిది. ఒక్కమాట అడిగుంటే చెప్పేదాన్ని కదా, నాన్న పోయి మూడో నెల, ఇంక ఈ జీపుని ముట్టుకోవద్దని అరిచేవాళ్ళు లేరు, అందుకే ఇప్పుడు చూద్దామనుకుంటున్నాను అని.

గ్రీజు వాసన ఎంత మొండిదో. పదకొండేళ్ళు టార్పాలిన్ కింద ఎండి అట్ట కట్టినా, ఇలా గోరుతో గీరితే చాలు, తొంభై ఐదో సంవత్సరం మొత్తం ముక్కులోకి వచ్చేస్తుంది. అప్పుడు ఈ పెరట్లో రెండే వాసనలు, ఎండుచేపలూ గ్రీజూ. నాన్న కొత్తగా ఫైబర్ బోటు దింపాడు. చెక్క తెప్పలైతే నలుగురు భుజాన వేసుకుని ఒడ్డెక్కించేవారు, ఈ ఫైబర్ బోటుని వలతో చేపతో సహా ఇసకలోంచి పైకి లాగాలంటే వాడంతా కదిలిరావాలి, రోజూ వాడవాళ్ళని బతిమాలుకోవడం తాతబాబు గారి అబ్బాయికి, అంటే మా నాన్నకి, నామోషీ. ఎక్కడో వేలంలో ఈ పాత జీపు కొనుక్కొచ్చాడు. మావయ్య సముద్రంలో పోయాక మా అమ్మ తన దగ్గరే పెట్టుకుని పెంచిన మేనల్లుడు దొరబాబు అప్పటికే తగరపువలసలో ఒక షెడ్డులో పని నేర్చుకుని చేయి తిరిగినవాడు, జీపు వాడి చేతిలో పడింది. బోటుకు వేయగా మిగిలిన నీలం రంగు జీపుకి పూశారు. దూరం నుంచి చూస్తే బోటుకి చక్రాలు మొలిచాయా అన్నట్టుండేది. తెల్లవారుతుండగా చేప నింపుకుని పూర్ణా మార్కెట్‌కి బయల్దేరేవాళ్ళం, ముందు సీట్లో అమ్మ చుట్ట వెలిగించి మంట వైపు నోట్లో పెట్టుకుని రాజ్యమేలుతున్నట్టు కూర్చునేది, వెనక తట్టల మీద నేను, ఎడమ పక్క సముద్రం మాతో పాటే వచ్చేది. మంచు నీళ్ళు కారి నా పరికిణీ తడిసిపోయేది. బావ అద్దంలో చూసి నవ్వేవాడు. క్రాపు దువ్వుకోవడానికి ఒక చేయి, స్టీరింగుకి ఒక చేయి, గేరు వేయాల్సి వచ్చినప్పుడు దువ్వెన పళ్ళ మధ్య. ఒకసారి అడిగాను లో గేరు అంటే ఏమిటని. "పరుగమ్మీసి బలం కొనుక్కోడమే గుంటా. ఇంజనెక్కువ తిరుగుతాది, సక్రం తక్కువ తిరుగుతాది. బోటు లాగాలంటే అదే కావాల" అన్నాడు. చేపలమ్మే ఇంట్లో పుట్టినదాన్ని, అమ్మడం కొనడంలో చెబితే నాకు వెంటనే అర్థమైంది. నాకు వాడంటే ఇష్టం అని కూడా ఆ రోడ్డు మీదే అర్థమైంది, దాచడానికేముంది, మేనరికం అందరి నోళ్ళలోనూ ఉన్నదే.

ఆ జీపుతో వచ్చిన డబ్బా పగిలిపోయింది. ఇంజను బలాన్ని నాలుగు చక్రాలకీ పంచేది ఇదే, లో గేరు కూడా దీని లోపలే ఉంటుంది. దీని పూర్తి పేరు ట్రాన్స్‌ఫర్ కేసు, మా పెరట్లో మాత్రం ఎప్పుడూ డబ్బాయే. బావ వైజాగ్ పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి ఒకటి మోసుకొచ్చాడు. దాని మీద ఉండాల్సిన నంబరు రేకు ఎప్పుడో ఊడిపోయింది, మేకుల కన్నాలు మాత్రం ఉన్నాయి. ఇదిగో ఈ రెండు కన్నాలు. ఇలాంటివి రెండు రకాలట, పైకి చూస్తే కవల పిల్లలట. పాత పటాలం జీపుల్లోది ఒకటి, దానికి లాగుడు తక్కువ. తర్వాతి జీపుల్లోది ఇంకోటి, అది లాగే డబ్బా. తేడా తెలియాలంటే లో గేరులో పెట్టి, ఇంజను వైపు షాఫ్టుని పది చుట్లు తిప్పి, చక్రాల వైపు షాఫ్టు ఎన్ని చుట్లు వస్తుందో చూడాలి. అటు నాలుగు వస్తే లాగే డబ్బా. ఐదు వస్తే పటాలం డబ్బా. అంతే, ఒక్క చుట్టు తేడా. నాన్న గట్టు మీద కూర్చున్నాడు. బావ ఇటు పక్క తిప్పుతూ తన పది తను లెక్కపెట్టుకున్నాడు, అటు పక్క షాఫ్టు దగ్గర అమ్మని కూర్చోబెట్టి అత్తా నువ్వు లెక్కెట్టు అన్నాడు. నేను లోపల టీ కాస్తున్నాను. "నాలుగురా అల్లుడా!" అని అమ్మ అరిచిన అరుపు మాత్రం గోడలు దాటి నా దాకా వచ్చింది. ఎంత సంబరపడ్డారో. టీలో పంచదార రెండుసార్లు వేశానని ఎవ్వరూ గమనించలేదు.

బోటు జారిన రోజుని తలుచుకోకుండా ఎన్నేళ్ళు బతకొచ్చో నేను చేసి చూశాను, కుదరదు. గాలి తిరిగిన రోజు. కెరటం వెనకే కెరటం, బోటు నిండా చేప, తాడు బిగించి బావ జీపుని లో గేరులో ఎత్తు మీదకి పట్టించాడు, సగం ఎక్కింది, ఇంజను గుడగుడమంది, ఆగిపోయింది. జీపుని కూడా ఈడ్చుకుంటూ బోటు వెనక్కి జారింది. కింద దుంగ పెడుతున్న నాన్న మోకాలు దాని కింద. ఆ ఎముక మళ్ళీ సరిగా అతకలేదు, నాన్న మళ్ళీ సముద్రం మీదకి వెళ్ళలేదు, ఊతకర్రతో ఒడ్డున నిలబడి ఎవరి బోట్లో ఎంత పడిందో అడిగి తెలుసుకునే మనిషైపోయాడు. నాన్న ఆసుపత్రిలో ఉండగానే సన్యాసిరాజు అనే మెకానిక్కుని ఎవరో పిలుచుకొచ్చారు. అతను మూత విప్పి, పళ్ళు లెక్కచూసి, ఇది పటాలం డబ్బా, ఇంత బోటుని ఇదెక్కడ లాగుతుంది అన్నాడు. మా అమ్మకి అర్థమైందేమిటంటే, తను కూర్చుని లెక్కపెట్టిన డబ్బాకి నాలుగొచ్చింది, జీపులో ఉన్నది ఐదు డబ్బా. అంటే బిగించేటప్పుడు దొరబాబు మార్చేశాడు, మంచిది ఎవరికో అమ్ముకున్నాడు. వాడంతా అదే అర్థం చేసుకుంది. ఇంకోలా అర్థం చేసుకోవడానికి దారేది? నాన్న మంచం మీద నుంచే అడిగాడు, మార్చేవేట్రా అని. బావ మార్చలేదు అనలేదు. "నాదే తప్పు మావా" అన్నాడు, నేను అక్కడే ఉన్నాను, గ్లూకోజు సీసా వైపు చూస్తూ అన్నాడు. నాకు అప్పుడు వచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు. చేస్తే ఎందుకు చేశావు, చేయకపోతే ఎందుకు ఒప్పుకున్నావు? వాడు బట్టల సంచి పట్టుకుని గాజువాక బస్సెక్కేశాడు.

మరుసటేడు నాకు మోహన్‌తో పెళ్ళైంది. మంచివాడు, గురక తప్ప చెప్పుకోదగ్గ లోపం లేదు. ఏడుస్తూ బతికానని ఎవరూ అనుకోకండి, బతకలేదు. కాకపోతే ఒకసారి, మోహన్ తరఫువాళ్ళ పెళ్ళికి ఉక్కునగరం వెళ్ళినప్పుడు, ఆ వరస క్వార్టర్లూ ఆ నీడ రోడ్లూ చూసుకుంటూ పూలు కొనడానికి సెక్టార్ బజారుకి వెళ్తే, అక్కడ బావ. స్టీల్ ప్లాంటులో డంపర్లు బాగుచేసే కాంట్రాక్టరు దగ్గర పనట, ఒళ్ళంతా ఎర్రటి ఖనిజం దుమ్ము, కనుబొమల మీద కూడా. భార్యని చూపించాడు, నాగశ్రీ, గోదావరి వైపు పిల్ల, అండీ అండీ అంటూ నా చేతిలో కొబ్బరిబొండం పెట్టింది. బావ నన్ను ఏమీ అడగలేదు, అమ్మ గురించి మాత్రం అడిగాడు. అత్తకి దగ్గు తగ్గినాదా, సుట్ట మానీమను. అంతే. మొగుడి కాలు విరగడానికి నువ్వే కారణమని శాపనార్థాలు పెడుతున్న మనిషి దగ్గు గురించి! నాకు మళ్ళీ ఒళ్ళు మండింది, కొబ్బరిబొండం సగంలో పారేసి వచ్చేశాను. నాన్న పోయిన రోజు కూడా వచ్చాడు, గుమ్మం బయట నిలబడ్డాడు, క్రాపు పల్చబడింది. అమ్మ చూసి మొహం తిప్పుకుంది. పరాయివాళ్ళకి సైతం మంచినీళ్ళు ఇచ్చే ఇంట్లో వాడికి ఇవ్వలేదు. మోహన్ బయట టీ కొట్టుకి తీసుకెళ్ళాడు, వాడి ఫోన్ నంబరు రాసుకొచ్చి నాకిచ్చాడు, ఎందుకూ అని చెప్పలేదు. ఆ రోజే అనుకున్నాను ఈ డబ్బా సంగతి తేల్చాలని. సన్యాసిరాజు అబద్ధం చెప్పుండొచ్చు, పొరబడి ఉండొచ్చు. నాలుగు వస్తే చాలు, ఇది బావ తెచ్చిన డబ్బాయే, వాడు మార్చలేదు. ఐదు వస్తే, సరే, ఐదు వస్తే వాడు దొంగ, నేను ఇంక వాడి గురించి ఆలోచించడం మానేస్తాను. నాలుగు రావాలి. నూకాలమ్మ తల్లీ, నాలుగు రావాలి.

అమ్మ వేపచెట్టు కింద కవ్వళ్ళు ఆరబెడుతోంది, ఒక్కో చేపనీ తిరగేస్తూ, కాకిని తిడుతూ, నన్ను ఓరకంట చూస్తూ. మా అమ్మ పోతమ్మకి చూపు ఇంకా బాగానే ఉంది, కావలసినవి మాత్రం ముందే కనిపిస్తాయి. నేను లివర్ని లో గేరులోకి నెట్టి, సంచిలోంచి మా అమ్మాయి గోళ్ళరంగు సీసా తీసి, అటు షాఫ్టు అంచు మీద గులాబీ చుక్క ఒకటి, ఇటు షాఫ్టు మీద ఒకటి పెడుతుంటే ఇంక ఆగలేకపోయింది.

"ఏటే సేత్తన్నావ్? పాత ఇనుముకి సింగారమా?"

"తిప్పి సూత్తన్నానమ్మా. ఎన్ని సుట్లొత్తాదో."

అమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. తర్వాత చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుంటూ వచ్చి అటు పక్క పీట వేసుకుని కూర్చుంది. "తిప్పు. అప్పుడు నానే లెక్కెట్టాను, ఇప్పుడూ నానే లెక్కెడతాను. ఐదే వత్తాది, సూసుకో. ఆ ఎదవని నాను పెంచినాను, నాకు తెల్దా ఆడేటి సేసినాడో" అంది. గొంతులో కోపమే కానీ గులాబీ చుక్క మీదకి ఒంగి కూర్చుంది.

తిప్పాను. మొదట కదల్లేదు, తర్వాత లోపల పళ్ళు ఒకదాన్నొకటి గుర్తుపట్టినట్టు కిర్రుమని కదిలాయి. నాది ఒకటి, రెండు, చుట్టూ కాకుల గోల, దూరంగా సముద్రం, గులాబీ చుక్క అమ్మ వైపు మెల్లగా పైకొచ్చింది, అమ్మ అంది "లాభం". నాది మూడు, నాలుగు. అమ్మ అంది "ఒకటి". నా చేతులు తిప్పుతూనే ఉన్నాయి కానీ నా లోపల ఏదో ఆగింది. లాభం, ఆ తర్వాత ఒకటి. అందరిళ్ళలోనూ మొదటిదాన్ని లాభం అంటారు, కానీ లాభం తర్వాత రెండు అంటారు, లాభమే ఒకటి కాబట్టి. మా ఇంట్లో మాత్రం అలా కాదు. మా అమ్మ లెక్కలో మొదటి తట్ట అమ్మవారిది, లాభం అని పక్కన పెట్టేసేది, మన లెక్క రెండో తట్ట నుంచి ఒకటి. పూర్ణా మార్కెట్‌లో కొనేవాళ్ళు దీనికి గొడవపడి గొడవపడి చివరికి అలవాటుపడ్డారు, పోతమ్మ లెక్కకి ఒకటి కలుపుకోవాల అని నవ్వుకునేవారు. చేప లెక్కపెట్టినా, కొబ్బరికాయలు లెక్కపెట్టినా, నా పెళ్ళిలో విస్తళ్ళు లెక్కపెట్టినా అంతే, ఆ నోటికి ఇంకోలా రాదు. నాది ఐదు, ఆరు, అమ్మ "రెండు". ఏడు, ఎనిమిది, "మూడు". తొమ్మిది, పది. "నాలుగు" అంది అమ్మ, అని ఇంకా చుక్క వైపే చూస్తోంది, ఐదోది రావాలి కదా అని.

"తిప్పవేటే?"

"పదైపోనాయమ్మా."

"మళ్ళా తిప్పు."

మళ్ళీ తిప్పాను. లాభం, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదు చుట్లు. ఇనుము అబద్ధమాడలేదు, సన్యాసిరాజూ ఆడలేదు, మా అమ్మా ఆడలేదు. ఇది పటాలం డబ్బాయే, బావ ఆ రోజు తెచ్చిందీ ఇదే. తన పది తను లెక్కపెట్టుకోవడంలో పడి అత్త నోటి నుంచి వచ్చిన చివరి అంకె ఒక్కటే విన్నాడు. బోటు జారిన సాయంత్రం, అందరం ఆసుపత్రికి పరిగెడుతుంటే, బావ మాత్రం రాలేదు. నేను బట్టల కోసం ఇంటికొచ్చినప్పుడు జీపు కింద పడుకుని ఉన్నాడు, పాదాలు మాత్రం కనిపిస్తున్నాయి, షాఫ్టు తిప్పుతున్న కిర్రుకిర్రు వినిపించింది. ఇంత జరిగితే ఇంకా బళ్ళు బాగుచేసుకుంటున్నావా అని అరిచి వెళ్ళిపోయాను. బాగుచేయడం లేదు, లెక్కపెడుతున్నాడు. వాడికి ఐదు వచ్చింది. అత్తకి నాలుగు ఎలా వచ్చిందో వాడికి తెలియకుండా ఉంటుందా, ఆ తట్టలు పుట్టెడు మోసినవాడే కదా. అత్తా నువ్వు తప్పు లెక్కపెట్టావు అని ఒక్క ముక్క అంటే వాడి పేరు నిలిచేది, ఇల్లు నిలిచేది, నేను, సరే, నా సంగతి అలా ఉంచు. కానీ ఆ ముక్కతో మా అమ్మ తన మొగుడి కాలు తనే విరగ్గొట్టినట్టు అయ్యేది. మిగిలిన రోజులన్నీ ఆ ఊతకర్ర చప్పుడు వింటూ బతకాల్సి వచ్చేది. తల్లీ తండ్రీ లేనివాడికి అన్నం పెట్టిన చేయి అది. వాడు గ్లూకోజు సీసా వైపు చూస్తూ నాదే తప్పు మావా అన్నాడు. నా కళ్ళలోంచి నీళ్ళు గ్రీజు మీద పడుతున్నాయి, తుడుచుకుంటే మొహం నల్లగా అయింది, పోనీ.

"ఓలమ్మా" అంటోంది అమ్మ. డబ్బా మీద రెండు చేతులూ వేసి తడుముతోంది, పసిపిల్లని తడిమినట్టు. "ఇదేనే. నాను లెక్కెట్టిన డబ్బాయేనే ఇది. నాలుగే. ఆడు మార్చనేదే. ఆ మెకానిక్కు సచ్చినోడి మాట పట్టుకుని... ఓలమ్మా, నా దొరబాబుని, నాను, నీల్లు కూడా ఇయ్యనేదే..." మా అమ్మ ఏడవడం నేను నాన్న పోయినప్పుడు కూడా ఇలా చూడలేదు.

నా నోటి దాకా వచ్చింది. నాలుగు కాదమ్మా, ఐదు. ఆ మాటకి ఎంత బరువుందో నాకిప్పుడు తెలుసు, అంత బరువునీ ఒక్కడే గాజువాక బస్సెక్కించుకుని తీసుకుపోయాడు. దించుకునే హక్కు వాడిది, నాది కాదు. "అవునమ్మా, నాలుగే" అన్నాను. "మరి బోటెందుకు జారినాదే?" అని అడిగింది. "కెరటమమ్మా, ఆ రోజు కెరటం పెద్దది" అన్నాను. అమ్మ తలూపింది, సముద్రం మీద నేరం వేస్తే మా వాళ్ళెవరూ కాదనరు. గురునాథరావు రాగానే అన్నిటికంటే ముందు ఈ డబ్బానే ఎక్కించమనాలి. ఇంకెవరూ దీన్ని తిప్పకూడదు.

"ఆడి నెంబరుందేటే నీ కాడ?" అంది అమ్మ. చేతులు తుడుచుకుని ఫోన్ తీసి నొక్కాను. అటు వెనక ఏవో పెద్ద బళ్ళ మోత.

"బావా, నాను, సుధని."

"సెప్పు."

"డబ్బా తిప్పినాం. ఇటు పది."

తలుపేదో వేసినట్టున్నాడు, మోత ఆగింది. "ఎవులు లెక్కెట్టినారు?" అన్నాడు.

"అమ్మ."

"ఎంతన్నాది?"

"నాలుగు."

చాలా మెల్లగా, "నువ్వేటి లెక్కెట్టనేదా సుధా?" అన్నాడు.

"నేదు బావా. నానెందుకు లెక్కెడతాను?"

వాడు ఏమన్నాడో వినకుండానే అమ్మ నా చేతిలోంచి ఫోను లాగేసుకుంది. తలకిందులుగా పెట్టుకుంది, నేను తిప్పి పెట్టాను. ఏమంటుందోనని నేను చూస్తుంటే, ఏడుపంతా మింగేసి, పాత రోజుల్లో గుమ్మంలోంచి కేకేసినట్టే కేకేసింది, "ఒరే దొరా, అన్నం తిన్నావేట్రా?"

సాయంత్రం నాలుగు కావస్తోంది, ప్లాంటులో ఎప్పుడో భోజనాలు అయిపోయి ఉంటాయి.

"నేదత్తా" అన్నాడు.